కెప్టెన్ గారి చోటు

జన్మలో ఒక్కసారి కూడా బంతిని కాలితో తన్నని మనిషిని ఊరంతా కెప్టెన్ అని పిలిచిందంటే, ఆ తప్పు ఊరిదే అనాలి. చెల్లెలు ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మాటే అంటూ వచ్చింది. ఆ కెప్టెన్ ఎవరో కాదు, సొంత అక్క మొగుడు. నీళ్ళ ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం. ఇంటింటికీ వెళ్ళి, గేటు పక్కన గుంట మీది రేకు మూత తీసి, వంగి చూసి, అంకెలు రాసుకుని రావాలి. ఒక్కో ఇంటికి అయిదు నిమిషాల పని. మన కెప్టెన్ గారికి గంట పట్టేది. మూత తీసి పక్కన పెట్టేవాడు, మీటరు సంగతి మర్చిపోయేవాడు, మొన్న శనివారం జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్ ఎత్తుకునేవాడు. నలుగురు పోగయ్యేవాళ్ళు. ఆయన చెయ్యి ఊపుతూ, కాలు విసురుతూ, కళ్ళు పెద్దవి చేసి చెప్తుంటే ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

చావు కూడా అలాగే వచ్చింది. రిటైరైన ఒక మాస్టారి గేటు దగ్గర, "గోల్‌కీపరు ముందుకొచ్చేశాడు మాస్టారూ, మనవాడు బంతిని ఇలా ఎడం కాలి మీదకి తీసుకున్నాడు..." అంటూ తన ఎడం కాలు ఎత్తాడు. ఆ కాలు దించకుండానే గోడకి జారగిలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. పరామర్శకు వచ్చిన మాస్టారు పాపం కంట నీళ్ళు పెట్టుకున్నాడు, మంచి మనిషన్నాడు, వెళ్ళబోతూ చెల్లెలిని గుమ్మం పక్కకి పిలిచాడు.

"ఏమీ అనుకోకమ్మా. ఇంతకీ ఆ బంతి లోపలికి వెళ్ళిందా, లేదా? నీకేమైనా తెలుసా?"

చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. ఆయన బతికుండగానే ఆ గోల భరించలేక చచ్చింది, ఇప్పుడు పోయాక కూడా అదే గోల!

ఆమె కోపానికి కారణం కబుర్లు కాదు. కోతలు కోసే మొగుళ్ళు లోకంలో లేకపోలేదు. ఆమె కోపమంతా అక్కను నిలబెట్టిన ఆ గోడ గురించి. పెళ్ళైన కొత్తలో కెప్టెన్ తన కొత్త పెళ్ళాన్ని మ్యాచ్‌కి తీసుకెళ్ళాడు. తీరా వెళ్తే ఒక్క టిక్కెట్టే దొరికింది. మొగుడన్నవాడు ఏం చెయ్యాలి? ఇంటికి తిరిగి రావాలి. ఈ మహానుభావుడు, "ఇక్కడే ఉండు, ఇప్పుడే వచ్చేస్తా" అని భార్యను మైదానం వెనక గోడ దగ్గర, పంపుల గది పక్కన, సైకిల్‌కి కాపలా పెట్టి లోపలికి పోయాడు. అంతకు ముందు ఏడు మ్యాచ్‌లు వరసగా ఓడిన జట్టు ఆ రోజు గెలిచి ఊరుకుంది. మరుసటి వారం ఇద్దరూ లోపల కూర్చున్నారు. జట్టు నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయింది. ఇక చెప్పేదేముంది? పెళ్ళాం బయట ఉంటే గెలుపు, లోపల ఉంటే ఓటమి అని తేల్చేశాడు. ఒకసారి అక్క వేరుశనగలు కొనుక్కోవడానికి రోడ్డువైపు తిరిగినప్పుడు అవతలి వాళ్ళు గోలు కొట్టారట. ఆనాటి నుంచి గోడవైపే మొహం పెట్టి నిలబడాలని ఇంకో షరతు.

అక్క ఆ షరతుకీ ఒప్పుకుంది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఇరవై రెండేళ్ళు ఊరివాళ్ళందరినీ ఒకళ్ళతో ఒకళ్ళని కలిపిన మనిషి, సొంత మొగుడితో మాత్రం ఇదేం పిచ్చి అని ఒక్క మాట అనలేకపోయింది. ప్రతి శనివారం చీర కొంగు తలమీదుగా లాక్కుని వెళ్ళి, సున్నం రాలిపోయిన గోడకి ఎదురుగా నిలబడేది. ఊరు దాన్ని చూసి ఏమనాలి? ఛీ అనాలి. అబ్బే! "భార్య లేకుండా ఒక్క మ్యాచ్‌కి రాడు, ఎంత ప్రేమో" అంది. ఆ మాట విన్నప్పుడల్లా చెల్లెలు తన కుట్టుమిషను చక్రాన్ని గట్టిగా తిప్పేది.

కెప్టెన్ పోయిన మూడు వారాలకి అభిమానుల సంఘం నుంచి ఇద్దరు ఇంటికొచ్చారు. ఒకాయన మందుల షాపు యజమాని, సంఘానికి సెక్రటరీ. రెండో అతను సెలూన్ నడుపుతాడు. అక్క టీ పెట్టింది. చెల్లెలు తన కుట్టు దుకాణం మూసి మరీ వచ్చి, ఏదో ఒక మాట తూలకపోతారా అని కిటికీ దగ్గర కూర్చుంది.

"వదినగారూ, అన్నయ్యగారి పేరు మీద మైదానంలో జనం కూర్చునే స్టాండులో ఇత్తడి పలక పెడుతున్నాం. అందులో ఏం రాయించామో వినండి" అని సెక్రటరీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఆదర్శ భర్త, అపూర్వ అభిమాని, మన కెప్టెన్. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన మ్యాచ్ చూసిన చోటు ఇదే."

ఆదర్శ భర్త అనే మాట వినగానే చెల్లెలికి టీ గొంతులో అడ్డం పడింది.

"చోటు దగ్గరే చిక్కొచ్చింది వదినగారూ. మూడో స్తంభం పక్కన అని నేనంటే, ఇతను కాదంటాడు."

"మూడో స్తంభమేంటండీ! పైన, గడియారం కింద. నా కళ్ళతో నేను చూశా కదా" అన్నాడు సెలూన్ అతను.

"ఎప్పుడు చూశావయ్యా?"

"ఎప్పుడంటే... ఎప్పుడూ చూస్తూనే ఉంటాం కదా!"

"అసలు మీలో ఆయన పక్కన కూర్చున్నదెవరు?" అని చెల్లెలు అడిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సీట్లకి నంబర్లు లేవట. లోపలికి వెళ్ళేటప్పుడు క్యూలో అందరి భుజాలూ తట్టేవాడట, బయటికొచ్చేటప్పుడు అందరికంటే ముందు ఆయనే మ్యాచ్ చెప్పడం మొదలుపెట్టేవాడట. "అబ్బో, మేం చూసినదానికంటే ఆయన చెప్పిందే బాగుండేది. మా కంట పడనివి కూడా ఆయన కంట పడేవి" అని సెలూన్ అతను మురిసిపోయాడు. అక్క బిస్కెట్ల పళ్ళెం వాళ్ళ ముందుకి జరిపి, చోటు సంగతి మీరే తేల్చుకోండి అంది.

సెక్రటరీ లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "ఇంకో చిన్న మాట. శనివారం మ్యాచ్ ఓడిపోతే మన జట్టు లీగులో కింది తరగతికి దిగిపోతుంది. ఈ మూడు వారాలూ మీరు రాలేదు, మూడూ పోయాయి. పలక ఆవిష్కరణ అయిపోయాక, మీకు కష్టం కాకపోతే... ఎప్పుడూ నిలబడే చోటే..."

చెల్లెలు దిగ్గున లేచింది.

"ఏవండీ! ఆయన పోయినా మా అక్క మొహం గోడకి తిప్పడానికి మీరు మిగిలారన్నమాట! మీకు గోల్స్ కావాలంటే మీ ఆడవాళ్ళని నిలబెట్టుకోండి వరసగా. మా అక్క వస్తే లోపలికి వస్తుంది. ముందు వరసలో కుర్చీ వేస్తారు. మ్యాచ్ మొత్తం కూర్చుని చూస్తుంది. ఇష్టమైతే చెప్పండి, లేకపోతే మీ పలక తీసుకెళ్ళి మందుల షాపులో తగిలించుకోండి!"

సెక్రటరీ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ వేస్తామన్నాడు. వెళ్తూ వెళ్తూ, అద్దాల బీరువాలో పెట్టడానికి కెప్టెన్ గారి మ్యాచ్ కోటు ఇమ్మని అడిగాడు. జేబులు చిరిగిపోయాయి, కుట్టించి ఇస్తానంది అక్క.

ఆ నీలం కోటు చెల్లెలి దుకాణానికి చేరింది. బాగుచేయమని అక్క అంతకు ముందు ఎన్నిసార్లు పంపిందో లెక్కలేదు. "ఆయన్నే రమ్మను, కుడతా" అని ప్రతిసారీ తిప్పికొట్టింది చెల్లెలు. ఇప్పుడు దాన్ని బల్ల మీద పరిచి, లోపలి గుడ్డ కుట్లు విప్పింది. అంచులో ఏదో గట్టిగా చేతికి తగిలింది. చిరిగిన జేబులోంచి జారి అడుగున పేరుకుపోయిన మ్యాచ్ టిక్కెట్లు. గుప్పెడు కాదు, దోసెడు. పిచ్చిమొహం, ఇవి కూడా దాచుకున్నాడా అనుకుంటూ బుట్టలో పోయబోయి ఆగింది.

ఒక్క టిక్కెట్టు కూడా చిరగలేదు.

ఆ మైదానం గేటు దగ్గర ప్రతి టిక్కెట్టు మూలా చింపి లోపలికి పంపుతారు. ఆ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. ఇవన్నీ నాలుగు మూలలతో నిక్షేపంలా ఉన్నాయి. తేదీలు చూసింది. పోయిన నెలవి, పోయిన ఏడాదివి, అంతకు ముందువి, చెరిగిపోయినవి. అంటే ఇన్నేళ్ళుగా టిక్కెట్టు కొన్నాడు, లోపలికి పోలేదు. మరి ఎక్కడికి పోయాడు?

 అక్కను గోడకి అప్పగించి, గంటన్నర పాటు ఎక్కడ ఊరేగాడు? ఏ ఇంటికి వెళ్ళాడు? ఊళ్ళో ఇంటింటి గేటూ తెలిసిన మనిషి! ముప్పై ఒక్క ఏళ్ళుగా బావ ఎప్పుడు దొరుకుతాడా అని కాచుకున్న మనిషికి, ఇప్పుడు నిజంగా దొరికేసరికి దుకాణం తలుపు దగ్గరగా వేసుకుంది. ఆయన మీద కోపం ఎంతైనా ఉండనీ, ఈ సంగతి అక్కకి చెప్పే నోరు తనకుందా? కాల్చేద్దామనుకుంది. టిక్కెట్లు ఒక పాత సంచిలో పోసి ముడేసింది. జేబులు కుట్టింది. కోటుకి ఇస్త్రీ చేసి, తెల్లారాక, ఏమీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకుని, దుకాణంలో వదిలేస్తే ఎవరైనా చూస్తారని ఆ సంచీ చంకన పెట్టుకుని అక్క ఇంటికి బయల్దేరింది.

ఆ ఒట్టు గుమ్మం దాటేవరకే నిలిచింది. అక్క కోటును రెండు చేతులా అందుకుని, భుజాల దగ్గర నిమిరి, "బాగా కుట్టావే. చూస్తే ఎంత సంతోషించేవారో" అనగానే చెల్లెలి ఒట్టు గాలికి పోయింది.

"సంతోషమా! ఆయన మొహానికి సంతోషం కూడానా! ఇదిగో, చూడు నీ మొగుడి ఘనకార్యం" అని సంచి ముడి విప్పి మంచం మీద కుమ్మరించింది. "ఒక్కటైనా చిరిగిందేమో వెతుకు. నిన్ను ఎండలో నిలబెట్టి ఎక్కడికి పోయేవాడక్కా? చెప్పు, ఎక్కడికి పోయేవాడు?"

అక్క ఒక టిక్కెట్టు తీసి చూసింది. ఇంకోటి తీసింది. ఆ తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మూడు వారాల్లో అదే మొదటి నవ్వు. నవ్వి నవ్వి మంచం అంచున కూర్చుండిపోయింది.

"పారేశానన్నారే! పంపుల గది వెనక పారేశానని నాకు చెప్పారు."

"ఎవరు? ఏం పారేశాడు? నీకు ముందే తెలుసా?"

"కూర్చో ముందు. అరవకు, పక్కింటికి వినపడుతుంది. నేను ఒకసారి అక్కడ కళ్ళు తిరిగి పడిపోలా? పదకొండేళ్ళయింది. సైకిల్ స్టాండు అతను లోపలికి కబురు పంపాడు. మీ బావ పరిగెత్తుకొచ్చారు. నీళ్ళు కొట్టి, గొడుగు తెచ్చి పట్టారు. అలా గొడుగు పట్టుకుని ఉండగానే లోపల మనవాళ్ళు రెండు గోల్స్ కొట్టారు. ఇక చూస్కో! 'దరిద్రం నా కళ్ళల్లోనే ఉందే, నేను చూడబట్టే వీళ్ళు ఇన్నాళ్ళూ ఓడిపోయారు' అని పట్టుకున్నారు. ఆ తరవాత లోపలికి పోతే ఒట్టు. క్యూలో అందరితో నిలబడి, గేటు దాకా వెళ్ళి, పక్కనుంచి నా దగ్గరికి వచ్చేసేవారు."

చెల్లెలు మంచం మీది టిక్కెట్లనీ, అక్కనీ మార్చి మార్చి చూసింది. "అంటే... పదకొండేళ్ళు ఆయన మ్యాచే చూళ్ళేదా?"

"ఒక్కటీ చూళ్ళేదు."

"మరి ఆ కబుర్లో? గోల్‌కీపరు కిందపడ్డాడు, బంతి గోలు స్తంభానికి తగిలింది, చెమట తుడుచుకున్నాడు అని ఊరందరికీ..."

"అవి నేను చెప్పినవే" అంది అక్క. కాస్త సిగ్గుపడింది. "ఎక్స్‌ఛేంజిలో ఇరవై రెండేళ్ళు చెవులకి ఆ గొట్టాలు తగిలించుకుని కూర్చున్నదాన్ని. హలో అన్న తీరు వింటే అవతలిది చావు కబురో పెళ్ళి కబురో తెలిసిపోయేది. గోడవతల పదివేల మంది అరుస్తుంటే తెలీదా? గోలైతే అరుపు ఒక్కసారే లేస్తుంది. పక్కకి పోతే సగం దాకా లేచి విరుగుతుంది. స్తంభానికి తగిలితే ముందు అందరూ ఊపిరి బిగబట్టేస్తారు. ఆయన సైకిల్ క్యారియర్ మీద కూర్చుని, గొడుగు నా మీదకి వంచి, 'ఊఁ, తరవాత?' అనేవారు. నేను చెప్పేదాన్ని."

"ఎడం కాలో కుడి కాలో కూడా వినపడేదా నీకు?"

"నేను గోలు చెప్తే, కాలు ఆయన తగిలించుకునేవారు."

చెల్లెలికి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. అలవాటు ప్రకారం తిట్టింది. ఇద్దరికీ ఒకటే పిచ్చి అంది. ఊరందరి చెవుల్లో పువ్వులు పెట్టారంది. ఆపైన అసలు మాట అడిగింది.

"అది సరే. అంతకు ముందు ఇరవై ఏళ్ళో? అప్పుడు నువ్వొక్కదానివే ఎండలో నిలబడ్డావు. నువ్వు పడిపోయేదాకా ఆయనకి గుర్తు రాలేదు. దానికేమంటావు?"

"ఏమంటాను, తప్పే" అంది అక్క. "నేను అడగాల్సింది, అడగలేదు. ఆయనకి తోచాల్సింది, తోచలేదు."

"పోనీ అప్పుడైనా నీ కోసం వచ్చాడా? గోల్స్ కోసం వచ్చాడు!"

"గోల్స్ కోసమే అన్నారు." అక్క టిక్కెట్లు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేస్తోంది. "ఆయన బయటికొచ్చిన మరుసటి వారం నుంచి వరసగా తొమ్మిది మ్యాచ్‌లు ఓడిపోయారే. అయినా లోపలికి పోలేదు."

  చెల్లెలు లేచి, శనివారం మాత్రం నువ్వు లోపలే కూర్చుంటావు, ఆ గోడ దగ్గరికి వెళ్ళావంటే నా మీద ఒట్టే, అని గదమాయించి వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం పలక మూడో స్తంభానికే బిగించారు. సెలూన్ అతను మొహం ముడుచుకున్నాడు. సెక్రటరీ ప్రసంగంలో ఆదర్శ భర్త అనే మాట నాలుగుసార్లు వచ్చింది. ఇక్కడ కూర్చునే ఆయన ప్రతి గోలూ కళ్ళారా చూశాడు అన్నప్పుడు చెల్లెలు అక్క వైపు చూసింది. అక్క తల వంచుకుని గాజులు సవరించుకుంటోంది. నవ్వు ఆపుకోవడానికే అని చెల్లెలికి మాత్రమే తెలుసు.

ముందు వరసలో రెండు కుర్చీలు వేశారు. జన్మలో రెండోసారి అక్క మైదానం లోపల కూర్చుంది. రిఫరీ ఈల ఊదాడు. ఇరవై రెండు మంది అటూ ఇటూ పరుగులు పెట్టారు. అక్క కళ్ళు బంతి వెంట కాస్త దూరం పోయి, ఎక్కడో తప్పిపోయి, మళ్ళీ వెతుక్కున్నాయి. వెనక అరుపులు, పక్కన డప్పు, ఎవరో బూర. చూడక్కా చూడు, అని చెల్లెలు మోచేత్తో పొడుస్తూనే ఉంది. తొమ్మిదో నిమిషంలో అవతలి జట్టు గోలు కొట్టింది.

 స్టాండులో ఒక తల తిరిగింది. పక్కన ఇంకోటి. వరసలు వరసలుగా మొహాలన్నీ అక్క కుర్చీ వైపు తిరిగాయి.  సెక్రటరీ చేతులు నలుపుకుంటూ రెండడుగులు ముందుకొచ్చి, చెల్లెలి చూపు తగిలి అక్కడే ఆగాడు.

అక్క లేచింది. చెల్లెలు ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"లేవకు. ఓడితే ఓడనీ. వీళ్ళ ముఖాలకి భయపడి మళ్ళీ ఆ గోడ దగ్గరికి పోతావా? ముప్పై ఒక్క ఏళ్ళు చాల్లేదా?"

"వీళ్ళ కోసం కాదే" అంది అక్క.  "ఇక్కడ కూర్చుంటే నాకేమీ తెలీడం లేదు. ఈ పదకొండేళ్ళూ ఆయన ఇక్కడ లేరు."

చెల్లెలి చెయ్యి దానంతటదే వదులైంది.

అక్క మెట్లు దిగి గేటు దాటింది. వెనక చెల్లెలు కుర్చీ కింద పెట్టిన గొడుగు లాక్కుని, జట్టునూ, సంఘాన్నీ, పోయిన బావనూ కలిపి ఒకే గుక్కలో తిట్టుకుంటూ నడిచింది. పంపుల గది పక్కన, గోడ సున్నం ఒక మనిషి ఎత్తున అరిగి నున్నగా ఉంది. అక్క అక్కడికి వెళ్ళి నిలబడి కళ్ళు మూసుకుంది. ఎండ నడినెత్తిన ఉంది. చెల్లెలు గొడుగు విప్పింది, అక్క మీదకి వంచింది. చెల్లెలు నిలబడ్డ చోట నేలలో బావ సైకిల్ స్టాండు కాలు గుచ్చి గుచ్చి పడిన గుంట ఉంది. చెప్పు అందులో దిగబడి కాలు తూలింది.

గోడవతల అరుపు మెల్లగా లేచింది. సగం దాకా వచ్చి ఆగింది. పదివేల మంది ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం. మళ్ళీ పెద్ద గోల.

అక్క కళ్ళు తెరవకుండానే పక్కకి తిరిగి, "స్తంభానికి తగిలిందండీ" అంది.

అన్న వెంటనే కళ్ళు తెరిచింది. పక్కన క్యారియర్ లేదు, సైకిల్ లేదు. మొహం మళ్ళీ గోడవైపు తిప్పేసుకుంది. లోపల అరుపులు వస్తూనే ఉన్నాయి, ఈసారి ఆమె ఏమీ చెప్పలేదు.

జన్మలో బంతాట గురించి ఒక్క ప్రశ్న అడగని చెల్లెలు, ఆ మాట తన నోటితో అనాల్సి వస్తుందని కలలో కూడా అనుకోని చెల్లెలు, గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. గొంతు సవరించుకుంది. దిక్కుమాలిన ఆట, దిక్కుమాలిన మొగుడు, అనుకుంది.

"ఊఁ, తరవాత?" అంది.

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, చెవి గోడకి దగ్గరగా పెట్టి, చెప్పడం మొదలుపెట్టింది.